బొగ్గుట్ట సీమ

పిల్లలూ! హైదరాబాదులో కూకట్‌పల్లికి అవతల ప్రగతి నగర్ అనే పేట ఉన్నది. అక్కడి అంబీర్ చెరువు చుట్టుపక్కలంతా ఇప్పుడు మేడలే మేడలు. ఆ మేడల్లో ఏ తలుపైనా తట్టి, "మీది ఏ ఊరండీ?" అని అడిగి చూడండి. ఒకరు గుంటూరు అంటారు. ఒకరు కరీంనగర్ అంటారు. ఇంకొకరు శ్రీకాకుళం అంటారు. "మా తాత ముత్తాతలది కూడా ఈ ఊరే" అనేవాళ్ళు అరుదుగా కనిపిస్తారు.

ఊళ్ళు చాలావరకు ఇలాగే పెరుగుతాయి. ఫలానా చోట పని దొరుకుతుందని విని కొందరు ముందు వస్తారు. వాళ్ళ వెనక చుట్టాలు వస్తారు. ఇళ్ళు లేస్తాయి, బడి లేస్తుంది, గుడో చర్చో మసీదో లేస్తుంది. అయితే అంతకుముందే అక్కడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. తరవాత వచ్చినవాళ్ళు వాళ్ళ సంగతి మరిచిపోతూ ఉంటారు.

ఇదంతా ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే హైదరాబాదు నుంచి తూర్పుగా సుమారు 300 కిలోమీటర్లు పోవాలి. అక్కడ గోదావరి ఒడ్డున కొండలూ అడవులూ నిండిన సీమ ఒకటి ఉన్నది. 2016 అక్టోబరు 11 నుంచి దాన్ని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అంటున్నారు. అంతకుముందు అది ఖమ్మం జిల్లాలో భాగం. అందులో ఉన్న ఇల్లెందు అనే ఊరికి ముద్దుపేరు బొగ్గుట్ట, అంటే బొగ్గు గుట్ట అన్నమాట. మన ఇళ్ళలో వెలిగే దీపాలకూ ఆ గుట్టకూ చుట్టరికం ఉన్నది. అది ఎలాగో చూద్దాం.

రాక్షసగుళ్ళు

ఈ సీమలో మొట్టమొదట ఉన్నవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు మనకు తెలియవు. వాళ్ళు రాసిపెట్టిన పుస్తకాలూ లేవు. కాని వాళ్ళు నిలిపిన రాళ్ళు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. పినపాక దగ్గర జానంపేట అనే ఊరి వద్ద అడవిలో పెద్ద పెద్ద బండలు గోడలుగా నిలిపి, పైన మరో బండ కప్పుగా పెట్టిన కట్టడాలు ఉన్నాయి. పల్లెటూళ్ళలో ఇలాంటి వాటిని రాక్షసగుళ్ళు అంటారు. అంత బరువైన బండలను మనుషులు ఎత్తలేరనీ, రాక్షసులే ఎత్తి ఉంటారనీ అనుకుని ఆ పేరు పెట్టారు.

నిజానికి అవి గుళ్ళూ కావు, రాక్షసులవీ కావు. అవి రెండు వేల ఏళ్ళకు పైబడిన సమాధులు. చనిపోయిన తమవాళ్ళను ఇనుప యుగం నాటి మనుషులు వాటిలో ఉంచేవారు. వాళ్ళకు ఇనుము కరిగించడం తెలుసు, కుండలు కాల్చడం తెలుసు.

ఈ అడవుల్లోని సమాధుల దగ్గర మరో విచిత్రం కనిపిస్తుంది. కొన్నిచోట్ల శిలువ ఆకారంలో చెక్కిన నిలువు రాళ్ళు ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో వాటిని చూసిన ఇంగ్లీషువాళ్ళకు, ఈ అడవిలో పూర్వం క్రైస్తవులు ఉండేవారా అని అనుమానం వచ్చింది. కాని అవి మనిషి బొమ్మలు. నిలువు రాయి ఒళ్ళు, అడ్డంగా చాచినవి చేతులు, పైది తల. కంటికి తోచిందల్లా నిజమనుకోకుండా పక్కనున్న కుండలనూ, ఇనుప ముక్కలనూ కూడా పరీక్షిస్తే గాని ఇలాంటి సంగతులు తేలవు.

అడవిలో గూడేలు

ఈ సీమకు పాత కాపులు కోయవాళ్ళు. కొత్తగూడెం, దుమ్ముగూడెం, కోయగూడెం అని ఊళ్ళ పేర్ల చివర "గూడెం" అని వినిపిస్తున్నదా? గూడెం అంటే అడవిలోని చిన్న పల్లె. మేడలూ గనులూ వచ్చి ఊళ్ళు ఎంత మారిపోయినా, మొదట అక్కడ ఏమి ఉండేదో పేరు చెబుతూనే ఉన్నది.

కోయ భాష మన తెలుగుకు చుట్టం, గోండు భాషకు మరీ దగ్గరి చుట్టం. నీళ్ళను వాళ్ళు "ఏర్" అంటారు. మనం పారే నీటిని "ఏరు" అంటాం. రెండూ ఒక కుదురు నుంచి వచ్చిన మాటలే.

పూర్వం కోయవాళ్ళు పోడు వ్యవసాయం చేసేవారు. కొండవాలున తుప్పలు నరికి, ఎండిన తరవాత కాల్చి, ఆ బూడిదలో జొన్నలూ సామలూ చల్లేవారు. రెండు మూడేళ్ళు పండించి ఆ చోటు వదిలేసేవారు. అడవి మళ్ళీ పెరిగేది. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఇంటిల్లిపాదీ తట్టలు పట్టుకుని ఏరుకునేవారు. ఆ తరవాత బీడీలు చుట్టే తునికాకు కోతకు వస్తుంది. ఈ రెండు పనులూ ఇప్పటికీ ఉన్నాయి. పండుగనాడు మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని, పెద్ద డోళ్ళు వాయిస్తూ ఆడే కొమ్ము నృత్యం చూసితీరవలసింది.

గోదావరి ఒడ్డున భద్రాచలంలో కంచెర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో రాముడికి గుడి కట్టించాడు. మనం ఆయన్ను రామదాసు అంటాం. అప్పటినుంచి ఏటా శ్రీరామనవమికి యాత్రికులు ఈ అడవిదారిన రావడం మొదలుపెట్టారు. వచ్చి, దర్శనం చేసుకుని, వెళ్ళిపోయేవారు. అక్కడే ఉండిపోవడానికి వచ్చినవాళ్ళు వేరు. వాళ్ళను గోదావరి తీసుకువచ్చింది.

పడవలదారి

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ పేరు మీరు వినే ఉంటారు. ఆ ఆనకట్ట 1852లో పూర్తి అయింది. కాటన్‌కు ఇంకొక పెద్ద కోరిక ఉండేది. గోదావరినీ దాని ఉపనదులనూ పడవలదారిగా మార్చితే, నాగపూరు వైపు పండే పత్తిని పడవల మీద సముద్రం దాకా తేవచ్చు. దారిలో మూడు చోట్ల నది రాళ్ళ మీద దూకుతుంది. ఆ మూడు అడ్డంకులూ దాటితే చాలు. వాటిలో మొదటిది దుమ్ముగూడెం దగ్గర ఉన్నది.

1860లో నిజాము భద్రాచలం సీమను ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చాడు. ఆ పైన దుమ్ముగూడెంలో ఆనకట్ట, దాని పక్కన లాకుల కాలువ లేచాయి. లాకు అంటే ఏమిటో తెలుసా? కాలువలో రెండు తలుపుల మధ్య కట్టిన తొట్టి. పైకి పోవలసిన పడవ కింది తలుపు గుండా తొట్టిలోకి వస్తుంది. కింది తలుపు మూసి, పైనుంచి నీళ్ళు వదులుతారు. తొట్టి నిండినకొద్దీ పడవ పైకి లేస్తుంది. నీళ్ళు సమం కాగానే పై తలుపు తెరుస్తారు. పడవ మెట్టు ఎక్కినట్టు పైకి పోతుంది. దీనికి యంత్రం అక్కరలేదు, నీటి బరువే చాలు.

ఇంజనీర్లకు నది లొంగింది గాని మన్యపు జ్వరం లొంగలేదు. పనికి వచ్చిన కూలీలూ, మేస్త్రీలూ, దొరలూ కూడా ఆ జ్వరంతో మంచాన పడ్డారు, చాలామంది పోయారు. చిత్తడి నేలల చెడుగాలి వల్ల అది వస్తుందని అప్పట్లో అనుకునేవారు. మలేరియా దోమల ద్వారా సోకుతుందన్న రహస్యాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న పట్టుకున్నాడు. ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాదులోనే! కాని అప్పటికి గోదావరి పడవలదారి మూతపడి పాతికేళ్ళు దాటింది. ఖర్చు ఎక్కువై, రైళ్ళు ముందుకు రావడంతో, ప్రభుత్వం 1871లో ఆ పని మానేసింది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం నిలిచి ఉన్నది.

ఆ పని మీద వచ్చిన ఇంజనీరు హేగ్ దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషన్‌కు పునాది వేశాడు. అందులో చేరిన మొదటి బోధకుడు తెలుగువాడే, వెంకటరామరాజు. ఆయన ప్రభుత్వ కొలువు వదిలిపెట్టి కోయగూడేల్లో తిరుగుతూ ఉండిపోయాడు. తరవాత వచ్చిన జాన్ కెయిన్ అనే బోధకుడు కోయవాళ్ళ మాటలూ, పండుగలూ, ఆచారాలూ అడిగి తెలుసుకుని "ఇండియన్ ఆంటిక్వరీ" అనే పత్రికలో రాశాడు. ఆనాటి కోయల జీవితం గురించి మనకు తెలిసినదానిలో కొంత ఆ రాతల వల్లనే తెలిసింది. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అవి బయటినుంచి వచ్చిన మనిషి రాసినవి. కోయవాళ్ళు తమ చరిత్రను పుస్తకాల్లో కాక పాటల్లోనూ, డోలీలు చెప్పే కథల్లోనూ దాచుకున్నారు.

మిషన్ బంగళాలోని ఆడవాళ్ళు అక్కడి స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. సన్నని దారంతో పూలూ, ఆకులూ, వలల అల్లికలూ చేసి అంచులు తీర్చడమే ఆ పని. మన్యం మధ్యనున్న దుమ్ముగూడెం పేరు ఆ లేసుతో దూరదేశాల్లో కూడా వినిపించింది. ఇంటి దగ్గర కూర్చుని చేసే పని గనక ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులు వచ్చేవి. ఈ సీమలో పుట్టిన మొదటి పరిశ్రమలలో అదొకటి.

మండే రాళ్ళు

ఇక గోదావరి దాటి ఇవతలికి, నిజాము రాజ్యంలోకి వద్దాం. ఇల్లెందు ప్రాంతంలో ఒక కథ చెబుతారు. భద్రాచలం పోయే యాత్రికులు కొందరు దారిలో మజిలీ చేసి, మూడు నల్లరాళ్ళు పొయ్యిగా పెట్టి వంట మొదలుపెట్టారట. కాసేపటికి పొయ్యిలో కట్టెలతోపాటు పొయ్యిరాళ్ళు కూడా మండసాగాయట! ఈ కథ ఎంతవరకు నిజమో గాని, 1871లో భూగర్భ శాస్త్రశాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర నేలబొగ్గు ఉన్నదని కనిపెట్టిన మాట నిజం. అక్కడి ముఖ్యమైన బొగ్గుపొరకు ఆయన పేరే పెట్టి "కింగ్ సీమ్" అన్నారు. "కింగ్" అంటే రాజు కదా! అందుచేత మరో పొరకు "క్వీన్ సీమ్", అంటే రాణి పొర అని పేరు వచ్చింది.

రాయి ఎందుకు మండుతుంది? ఎందుకంటే అది రాయి కాదు, చెట్టు. పాతిక, ముప్ఫై కోట్ల ఏళ్ళ క్రితం ఈ గోదావరి లోయ అంతా చిత్తడి అడవి. చెట్లు కూలి బురదలో కూరుకుపోయేవి. నీటి అడుగున గాలి ఆడదు గనక అవి పూర్తిగా కుళ్ళేవి కావు. వాటి మీద ఇసుకా మట్టీ పేరుకున్నాయి. పైబరువుకూ, లోపలి వేడికీ చెట్లలోని నీరు పోయి బొగ్గు మిగిలింది. ఆనాటి ఆకులు ఎండలోనుంచి పట్టి దాచిన శక్తే బొగ్గు మండినప్పుడు వేడిగా బయటికి వస్తుంది.

ఆ అడవుల్లో ముఖ్యమైన చెట్టు పేరు గ్లాసోప్టెరిస్. దాని ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది. ఈ ఆకు అచ్చు మన దేశంలోనే కాక ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కూడా దొరికింది. దక్షిణ ధ్రువానికి వెళ్ళి తిరిగివస్తూ 1912లో మంచులో మరణించిన కెప్టెన్ స్కాట్ బృందం మోసుకువచ్చిన రాళ్ళలో కూడా ఈ ఆకు అచ్చులు ఉన్నాయి. ఆ కాలంలో ఈ భూములన్నీ కలిసి ఒకే ఖండంగా ఉండేవి. ఆ ఖండాన్ని శాస్త్రజ్ఞులు గోండ్వానా అన్నారు. అది మన గోండుల పేరే! ఆ గోండుల చుట్టాలైన కోయల కాళ్ళ కిందనే ఆ ఖండపు బొగ్గు ఉన్నది.

బొగ్గు దొరికినంత మాత్రాన లాభం లేదు, దాన్ని బయటికి మోయాలి. 1886లో ఇంగ్లాండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కు దొరికింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు వైపు రైలుదారి వేశారు. 1889లో తవ్వకం సాగింది. 1920 డిసెంబరు 23న ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. దగ్గరలో ఉన్న సింగరేణి అనే పల్లె పేరే దానికి పెట్టారు. 1945లో నిజాము ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొని దాన్ని తన చేతిలోకి తీసుకున్నది. ఇప్పుడు అందులో తెలంగాణ ప్రభుత్వానిది 51 వంతులు, కేంద్ర ప్రభుత్వానిది 49 వంతులు. ముఖ్య కార్యాలయం కొత్తగూడెంలో ఉన్నది.

బాయి పని

గనిని అక్కడివాళ్ళు "బాయి" అంటారు. బొగ్గుబాయి పనికి తెలంగాణ పల్లెలనుంచీ, కోస్తా జిల్లాలనుంచీ, ఉత్తరదేశంనుంచీ జనం వచ్చారు. తట్ట, చెమ్మస్ వాళ్ళ ఆయుధాలు. తవ్విన బొగ్గును చెమ్మస్‌తో తట్టలోకి ఎత్తి, తట్టను మోసుకుపోయి టబ్బులో పొయ్యాలి. టబ్బు అంటే పట్టాల మీద నడిచే చిన్న ఇనుప బండి.

పైన ఎండ మండుతున్నా లోపల చిమ్మచీకటి. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవారు. బొగ్గులోనుంచి మీథేన్ అనే వాయువు వస్తుంది, దానికి నిప్పు తగిలితే పేలుతుంది. దీపం లేనిదే పని లేదు, దీపం ఉంటే ప్రాణభయం! ఈ చిక్కును 1815లో హంఫ్రీ డేవీ విడదీశాడు. దీపం చుట్టూ సన్నని తీగల వల చుట్టాడు. మంట వేడిని వల లాగేసుకుంటుంది గనక బయటి వాయువు అంటుకోదు. పైగా వాయువు ఉన్నచోట మంట పైన నీలిరంగు టోపీ కనిపిస్తుంది. దాన్ని చూసి గనివాళ్ళు జాగ్రత్తపడేవారు. ఇన్ని జాగ్రత్తలు ఉన్నా, బాయిలోకి దిగిన మనిషి తిరిగి ఇంటికి వచ్చేదాకా ఇంట్లోవాళ్ళకు గుండె కుదుటపడేది కాదు.

డోర్నకల్ దేవాలయం

బొగ్గు రైలు బయలుదేరే డోర్నకల్‌లో మరో కథ నడిచింది. తమిళదేశంలోని తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఇతర దేశాలవాళ్ళ మీద ఆధారపడకుండా, మనవాళ్ళే తమ డబ్బుతో తమ మనుషులను పంపాలని వాళ్ళ పట్టుదల. వాళ్ళు ఎంచుకున్న చోటు డోర్నకల్. ఆ సంఘం పెట్టినవారిలో ఒకరైన వి. ఎస్. అజరయ్య 1909లో స్వయంగా అక్కడికి వచ్చాడు. ఆయనకు తెలుగు పరాయిభాష. నేర్చుకుని తెలుగులోనే బోధించాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయం చూడదగ్గది. అది ఇంగ్లాండు చర్చిలా ఉండదు. స్తంభాలు చూస్తే దక్షిణదేశపు గుడి మండపం గుర్తుకు వస్తుంది, గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తుకు వస్తుంది. ఈ నేల మీద ఉన్న అందాలన్నీ దేవుడి ఇంట్లో ఉండాలని ఆయన అభిప్రాయం. డబ్బు చాలక ఏళ్ళ తరబడి సాగిన ఆ కట్టడం 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. తిరునెల్వేలి మనిషి తెలుగునేలలోనే కలిసిపోయాడు.

దీపం వెనక లెక్క

బొగ్గు ఉన్నచోటికి తక్కిన పరిశ్రమలు వచ్చి చేరాయి. 1966లో పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. బొగ్గు మండించి నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది, చక్రం విద్యుత్తు పుట్టిస్తుంది. దానికి కిన్నెరసాని జలాశయం నీళ్ళిచ్చింది. సారపాకలో కాగితం మిల్లు వచ్చింది. అశ్వాపురంలో భారజల కర్మాగారం వచ్చింది. మామూలు నీటిలో ఆరువేలకు పైగా హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి మాత్రమే బరువైనది ఉంటుంది. గోదావరి నీటిలోనుంచి అలాంటివాటిని వేరుచేసి, అణువిద్యుత్ కేంద్రాలకు పంపుతారు.

రాష్ట్రంలోని విద్యుత్తు అంతా ఒకే తీగల వలలో కలిసి ప్రవహిస్తుంది. అందుచేత ప్రగతి నగర్‌లో మీరు చదువుకునే దీపంలో ఏ పాలు బొగ్గుదో, ఏ పాలు నీటిదో, ఏ పాలు ఎండదో విడదీయలేరు. కాని సింగరేణి బొగ్గు పాలు దానిలో ఉన్నదనడంలో సందేహం లేదు.

ఈ వెలుగుకు కొందరు ఖరీదు చెల్లించారు. గనులూ, రోడ్లూ వచ్చినకొద్దీ బయటినుంచి వచ్చినవాళ్ళు పెరిగారు. చదువురాని కోయరైతుల భూములు అప్పుల కిందా, కాగితాల కిందా చేతులు మారాయి. దాన్ని ఆపడానికి 1959లో ఒక చట్టం వచ్చింది. 1970లో దాన్ని మరింత గట్టిచేశారు. దానికే "1/70 చట్టం" అని పేరు. దాని ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనుల చేతినుంచి గిరిజనేతరుల చేతికి పోరాదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం, తరతరాలుగా అడవిలో సాగుచేసుకుంటున్నవాళ్ళకు ఆ నేల మీద హక్కు ఉన్నదని ఒప్పుకున్నది. చట్టాలు ఉన్నా తగాదాలు తీరలేదు. గూడేల్లో పట్టా కాగితం కోసం ఎదురుచూసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

బాయిలూ మారిపోయాయి. తట్ట, చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చాయి. నేల పైపొరలన్నీ తీసేసి, పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి. 1990 ప్రాంతంలో కంపెనీలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు సుమారు 40 వేలమంది ఉన్నారు. అయినా 2023–24లో సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీశారు. మనుషులు తగ్గారు, బొగ్గు పెరిగింది. అయితే భూమిలో బొగ్గు పెరగదు. కోట్ల ఏళ్ళలో తయారైనదాన్ని మనం నూటముప్ఫై ఏళ్ళుగా తవ్వుకుంటున్నాం. పైగా బొగ్గు కాలిస్తే వచ్చే వాయువు భూమిని వేడెక్కిస్తున్నది. కంపెనీ ఇప్పుడు ఎండతో విద్యుత్తు తీసే కేంద్రాలు కూడా పెడుతున్నది. పాల్వంచలోని పాత విద్యుత్ కేంద్రపు ఎనిమిది ఎత్తైన శీతల గోపురాలను 2024 ఆగస్టులో మందుగుండుతో కూల్చేశారు. ఏళ్ళ తరబడి ఆకాశంలో కనిపించిన గోపురాలు నిమిషాల్లో నేలమట్టం అయ్యాయి.

బొగ్గు అయిపోయాక ఆ ఊళ్ళలోని పిల్లలు ఏ పని చేస్తారు? తవ్విన గోతుల్లో మళ్ళీ అడవి పెరుగుతుందా? గూడేలవాళ్ళ నేల వాళ్ళకు ఉంటుందా? ఈ ప్రశ్నలకు జవాబులు పెద్దవాళ్ళు ఇంకా వెతుకుతున్నారు. మీరు పెద్దవాళ్ళయ్యేసరికి అవి మీ చేతికే రావచ్చు.

ఈసారి విజయవాడ రైలెక్కి డోర్నకల్ జంక్షన్ మీదుగా పోయేటప్పుడు కిటికీలోనుంచి చూడండి. పక్క పట్టాల మీద నల్లని బొగ్గు నిండిన బండ్లు నిలిచి ఉంటే, అవి ఎక్కడినుంచి వస్తున్నాయో పక్కవాళ్ళకు మీరే చెప్పవచ్చు. కోయగూడెం అనే పేరుతో ఒక ఓపెన్‌కాస్ట్ గని కూడా ఉన్నదనీ, ఆ పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పడం మరిచిపోకండి.